అడగలేని మనిషి రాసిన ప్రోగ్రాము

మొన్న పొద్దున వాకిట్లో నీళ్ళు చల్లి లోపలికి వచ్చి, ముందురోజు సాయంత్రం తీరిగ్గా కూర్చుని ఫోనులో గీసిపెట్టుకున్న ముగ్గును ఒకసారి చూసుకుని వేద్దామని తెరవబోతే అది తెరుచుకోలేదు. మా ఆడబిడ్డ వచ్చినప్పుడు "ఊరికే వస్తాది వదినా, డబ్బులేం లేవు" అంటూ నా ఫోనులో ఎక్కించి పోయిన ముగ్గుల యాప్ అది. చుక్కలు అదే పెడుతుంది, గీతలు మనం వేలితో లాక్కుంటే చాలు, తప్పు పోతే చెరిపేసుకోవచ్చు, మోకాళ్ళ నొప్పులున్న నాలాంటిదానికి వంగకుండా ముగ్గు గీసుకునే భాగ్యం ఇంతకన్నా ఏముంటుంది? ఇన్నాళ్ళూ కిక్కురుమనకుండా పనిచేసి, ఆరోజు మాత్రం ఉచిత గడువు ముగిసింది, డబ్బు కడితే మీ ముగ్గులు మీకు చూపిస్తానని చెప్పింది. నా ముగ్గులు! నేను గీసినవి! ఒళ్ళు మండిపోయి, నీ జిమ్మడిపోను, నీ గడువు పాడుగాను అని దాన్ని పట్టుకుని నాలుగు దులిపేసరికి, పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి పొద్దున్నే ఎవరితో గొడవమ్మా అని అడిగింది.

తిట్టడం అయ్యాక నవ్వొచ్చింది, నవ్వు ఆగేలోపు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకంటే ఇంచుమించు ఇదే నింద ఒకప్పుడు మా ఆయన పడ్డారు, పక్కనే నిలబడి విన్నదాన్ని నేను. ఆయన పోయి నాలుగేళ్ళు కావస్తోంది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే మా చుట్టాల్లో చిన్నవాళ్ళకు ఈ సంగతిలో సగం మాటలు తెలియవు. అందుకే ఫ్లాపీ అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేని నా ఈడువాళ్ళతో చెప్పుకుంటున్నాను.

నల్లటి పలుచటి ఆ చదరపు బిళ్ళలు గుర్తున్నాయి కదా! జేబులో పెట్టుకుని తిరిగితే వంగిపోయేవి, వానాకాలం బూజు పట్టేవి, అయస్కాంతం దగ్గరికి పోతే ఉన్నదంతా మరిచిపోయేవి. వాటిని మేము నెయ్యి గిన్నె కన్నా భద్రంగా దాచుకునేవాళ్ళం. ఆదోని ఎండ సంగతి మీకు తెలియంది కాదు. మధ్యాహ్నమైతే కంప్యూటరు వేడెక్కుతోందని మా ఆయన మా చిన్న టైపింగు దుకాణంలో ఉన్న ఒక్క ఫ్యానునూ దానివైపు తిప్పేవారు, నేను చెమటలు కక్కుకుంటూ పెళ్ళిపత్రికలు టైపు చేసేదాన్ని. పెళ్ళాం కన్నా మిషను ఎక్కువైపోయిందా అని అలిగిన రోజులు కూడా ఉన్నాయి.

ఆయనది ఎమ్మిగనూరు, నేతపని చేసుకునే ఇల్లు. నాది ఆదోని. పెళ్ళయ్యేనాటికి ఆయన ఇక్కడి పత్తిమిల్లులో లెక్కలు రాసేవారు. షావుకారు బెంగళూరు నుంచి కంప్యూటరు తెప్పించి, దాని ముందు కూర్చోవడానికి అందరూ జంకుతుంటే ఈయన్ని కూర్చోబెట్టాడు. కూర్చున్న మనిషి ఇక లేవలేదు. లెక్కలు అయిపోయాక కూడా దానితో ఏదో గొణుక్కుంటూ ఉండేవారట. పుస్తకాలు తెప్పించుకుని సొంతంగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, ఒక ఎండాకాలం ఉద్యోగం మానేసి, మార్కెట్టు వెనకాల చిన్న గది అద్దెకు తీసుకుని ఆ దుకాణం పెట్టారు. షావుకారు మంచివాడే, దసరాకి కొత్త పత్తి దిగేదాకా నీ కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టను, నీ సరదా తీరితే వచ్చేయ్ అన్నాడు. ఆ సరదా అన్న మాట మా ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

నేతవాళ్ళ ఇంట పుట్టిన మనిషి కాబట్టి ఆయన బుర్రలో తిరిగేదంతా చీర అంచే. అంచు మీద ఒక హంసనో ఒక మామిడిపిందెనో నెయ్యాలంటే ముందు దాన్ని గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గడి తర్వాత గడి నింపుతూ గీయాలి, ఆ గళ్ళను చూసి అట్టలకు చిల్లులు కొట్టాలి, ఆ అట్టలను మగ్గం మీదికి ఎక్కించాలి. ఎక్కడో ఒక్క గడి తప్పు పడిందంటే హంసకు రెండు ముక్కులొస్తాయి, మళ్ళీ మొదటికి రావాలి. మా ఆయన రాసిన ప్రోగ్రాములో ఆ గళ్ళు కంప్యూటరు తెర మీద కనపడేవి. సగం పువ్వు మనం గీస్తే మిగతా సగం అదే గీసేది, తప్పు పోతే చెరుపుకోవచ్చు, చివరికి ప్రింటరు కర్రుకర్రుమంటూ గళ్ళ కాగితం మీదికి దించి ఇచ్చేది. ఆ రోజుల్లో ఎమ్మిగనూరులో మగ్గాలు పెట్టి నేయించే పెద్దవాళ్ళూ, అట్టలు కొట్టే దుకాణాలవాళ్ళూ కొందరు పాత కంప్యూటర్లు కొని పెట్టుకుని, వాటితో ఏం చేయాలో తెలియక పైన గుడ్డ కప్పి కుంకుమ బొట్టు పెట్టి ఉంచారు. వాళ్ళకు సరిగ్గా కావలసిన వస్తువు ఇది.

దీన్ని అమ్మడం ఎట్లా అన్నదగ్గర వచ్చింది చిక్కు. కంప్యూటరు పత్రికలతో పాటు అప్పుడప్పుడూ ఒక ఫ్లాపీ ఊరికే వచ్చేది. అందులో ఏయే దేశాలవాళ్ళో రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు ఉండేవి. తెరవగానే నాలుగు మాటలు కనపడేవి: ఒక నెల వాడి చూడండి, మీ స్నేహితులకూ ఇవ్వండి, పనికొస్తే నాకు ఇంత పంపండి, పనికిరాకపోతే చెరిపేయండి. దీన్ని షేర్‌వేర్ అంటారని మా ఆయన చెప్పారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతోంది. ముక్కూ మొహం తెలియనివాడు మన మీద నమ్మకం పెట్టుకుని వస్తువును ముందే చేతికిచ్చేసి, నీ మనసుకు తోస్తే ఇవ్వు అంటున్నాడు చూడు, అచ్చం మా నాయన చీరలిచ్చినట్టే ఉంది కదా అన్నారు.

మా మామగారి సంగతి చెప్పాలి. ఆయన సైకిలు వెనకాల మూట కట్టుకుని కౌతాళం, మాధవరం, ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి చీరలు అమ్మేవారు. అమ్మేవారు అనడం కన్నా ఇచ్చి వచ్చేవారు అనడమే సరి. ఆడవాళ్ళు చుట్టూ చేరి నాలుగు చీరలు విప్పించి చూసి, మగవాళ్ళు చేను నుంచి రాలేదనో, చేతిలో డబ్బు ఆడటం లేదనో తటపటాయిస్తుంటే, ఉంచుకోండమ్మా, చూసుకోండి అని చేతిలో పెట్టి సైకిలెక్కేసేవారు. మళ్ళీ నెలకో రెండు నెలలకో ఆ ఊరు పోయినప్పుడు ఆ ఇంటి ముందు దిగి, మంచినీళ్ళు తాగి, వానల సంగతీ పంటల సంగతీ అడిగి, చివర్లో ఒకే ఒక్క మాట అనేవారు. "చీర బాగుండాదామ్మా?" అంతే. ధర మాట ఆయన నోట వచ్చేది కాదు. కట్టుకున్నవాళ్ళు బాగుందని చెప్పి డబ్బు తెచ్చి ఇచ్చేవాళ్ళు, మనసొప్పనివాళ్ళు మడత విప్పని చీరను తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళు, సర్దుబాటు కానివాళ్ళు ఇంకా చూసుకోలేదన్నా అనేవాళ్ళు. సరేనమ్మా అని ఆయన లేచి వచ్చేసేవారు. కోడలిగా వచ్చిన కొత్తలో ఇదేం వ్యాపారమని నేను నోరు వెళ్ళబెట్టాను.

ఆ నమ్మకం మీదే మా ఆయన ఫ్లాపీలు నింపి, ఎమ్మిగనూరు పోయే ప్రతి మనిషి చేతా పంపించారు. ప్రోగ్రాము తెరవగానే ఆయన కూడా ఆ నాలుగు మాటలూ పెట్టారు, కింద దుకాణం చిరునామా ఇచ్చారు. అప్పట్లో ఆ తెర మీద తెలుగు అక్షరం వచ్చేది కాదు, కాబట్టి రాసిందంతా ఇంగ్లీషే. పంపి, ఎదురుచూస్తూ కూర్చున్నారు. ప్రోగ్రాము బ్రహ్మాండంగా పాకింది. ఒకరి నుంచి ఒకరికి, కౌతాళం దాకా, తుంగభద్ర దాటి రాయచూరు వైపు కూడా పోయిందని కబుర్లు వచ్చేవి. బజారులో కనపడ్డవాళ్ళు భుజం తట్టి మెచ్చుకునేవాళ్ళు. డబ్బు మాత్రం ఒక్కరి దగ్గర నుంచి కూడా రాలేదు.

ఇక నేను ఊరుకుంటానా? పుట్టింట్లో నన్ను మిరపకాయ అని పిలిచేవాళ్ళు, ఆ పేరు నిలబెట్టుకోవద్దూ! నోరు తెరిచి అడగండి అని పొద్దున లేచింది మొదలు పోరు పెట్టాను. ఆయనేమో బస్సులో తను తువాలు వేసుకున్న సీట్లో ఎవరైనా కూర్చుంటే లెమ్మని చెప్పలేక ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా నిలబడి వచ్చే మనిషి. నచ్చితే ఇవ్వమని నేనే అన్నాను, ఇప్పుడు పోయి పీకల మీద కూర్చుంటే ఆ మాటకు విలువేముంది, ఇవ్వనివాళ్ళకు నచ్చలేదేమో అనేవారు. నచ్చకపోతే రోజూ ఎందుకు తెరుస్తున్నారట అని నేను. మనసుకు తోస్తే ఇవ్వమన్నవాడు తర్వాత అది బాకీ అని అడగవచ్చా, అడగలేదు కదా అని వాడుకునేవాడు ఊరుకోవచ్చా, ఈ రెండు ప్రశ్నల చుట్టూ మేము వాదించుకోని పూట లేదు. దసరా దగ్గరకొస్తోంది. ఆలోపు ఈ ప్రోగ్రాము తిండి పెట్టకపోతే ఆయన తిరిగి ఆ మిల్లు కుర్చీలోకి పోవాల్సిందే. పోతే మళ్ళీ ఆ గళ్ళ జోలికి రారని నాకు తెలుసు, ఆ మొహంలో ఆ వెలుగు మళ్ళీ చూడనని కూడా తెలుసు. నా పోరంతా అందుకే గానీ అద్దె కోసం మాత్రమే అనుకుంటే పొరపాటు.

మా అన్న ఆదోని కోర్టులో వకీలు. ఒక ఆదివారం భోజనానికి పిలిచి వ్యవహారమంతా అన్న ముందు పెట్టాను. మా అన్న ఏదైనా తీరిగ్గా నమిలి చెప్పే మనిషి. ప్రోగ్రాము కూడా పుస్తకంలాంటిదేనని, రాసినవాడికి దాని మీద చట్టప్రకారం హక్కు ఉందని, చూడమని ఊరికే ఇచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదని చెప్పాడు. నేను గెలిచినట్టు మా ఆయన వైపు చూశాను. అంతలోనే మా అన్న, అయితే పదిమందికీ ఇవ్వండని రాసింది మీరే కాబట్టి కాపీ చేసుకున్నవాళ్ళను దొంగలనడానికి లేదని, మిగిలిందల్లా నెల తర్వాత డబ్బివ్వాలన్న షరతు ఒక్కటేనని, దానికి వాళ్ళు ఒప్పుకున్నట్టు సంతకమూ లేదు సాక్షీ లేడని తేల్చాడు. వాడుతున్నారంటే ఒప్పుకున్నట్టే కదా అన్నాను. మా అన్న మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, "ఇంగ్లీషులో రాస్తివి బావా. వాళ్ళు మీట కొట్టి లోపలికి పోతాండారు. సదివినారని జడ్జి ముందర ఎట్ల సెప్తావు?" అన్నాడు. ఇంగ్లీషు అర్థం కానివాళ్ళకు హంసలు గీసుకోవడం ఎట్లా అర్థమైందో అని నేను కయ్యిమన్నాను. నోటీసు కావాలంటే పంపుదాం, న్యాయం కొంత మీవైపు ఉంది, కానీ వాళ్ళలో సగంమంది బావకు చుట్టాలు, రేపు ఏ పెళ్ళికైనా పోతే ఎవరి పక్కన కూర్చుంటారో ఆలోచించుకోండి అని చెప్పి మా అన్న చెయ్యి కడుక్కున్నాడు.

నోటీసు మాటకు మా ఆయన ఠారెత్తిపోయారు. నోటితో అడగడం చేతకాదు, కోర్టు కాగితంతో అడగడానికి మనసొప్పదు. చివరికి ఏం చేశారో తెలుసా? మిషను చేత అడిగించారు. ప్రోగ్రాములో కొత్త పువ్వులూ కొత్త అంచులూ చేర్చి మళ్ళీ ఫ్లాపీలు పంపారు, అందులో గుట్టుగా ఒక తాళం పెట్టారు. నెల గడిచాక అది తెరుచుకోదు. డబ్బు కట్టినవాళ్ళకు ఒక అంకె చెబుతారు, ఆ అంకె కొడితే తెరుచుకుంటుంది. నేను వద్దన్నాను. నమ్మండి, అంత పోరు పెట్టిన నేనే వద్దన్నాను. అడిగితే మొహం మీద అడగాలి గానీ చాటుగా తలుపు బిగిస్తే ఏం మర్యాద, లోపల వాళ్ళు గీసుకున్నవి ఉంటాయి కదా అన్నాను. ఆయన వినలేదు. ఎవరి మొహమూ చూడకుండా పని జరిగిపోతుందన్న ఆశ ఆయనది. మొహమాటపు మనిషి తెగిస్తే ఇట్లాగే తెగిస్తాడు కాబోలు.

నెల తిరిగేసరికి శ్రావణం వచ్చింది. పెళ్ళిళ్ళ రోజులు, ఎమ్మిగనూరులో మగ్గాలకు ఊపిరి సలపని పని. ఒక పొద్దున దుకాణం తెరవబోతే మెట్ల మీద మా ఆయన మేనమామ కూర్చుని ఉన్నాడు. ఇంటినిండా మగ్గాలు పెట్టి నేయించే పెద్దమనిషి, మా ఆయన్ని చిన్నప్పుడు భుజాలకెత్తుకుని తిప్పినవాడు. మొదటి బస్సుకే వచ్చినట్టున్నాడు. నేను మంచినీళ్ళిస్తే అందుకోలేదు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

"ఏమప్పా, నేను గీసిన పువ్వును నాకే సూపీకుండా తాళం ఏస్తివే" అన్నాడు.

మా ఆయన తల దించుకున్నారు. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, బాధ. అది చూశాక నాకూ గుండె కలుక్కుమంది, అయినా నోరు ఊరుకుంటేనా! ఇన్ని నెలలుగా వాడుకుంటూ ఒక్కరైనా డబ్బు పంపించారా మామా అని అడిగేశాను. ఆయన నావైపు ఎంత వింతగా చూశాడంటే, నేనేదో అనకూడని మాట అన్నానేమోనని నాకే అనుమానం వచ్చింది.

"పంపీల్నా? మీ మామ ఎప్పుడన్నా ఎవురి సేతనన్నా డబ్బు పంపిచ్చుకున్న్యాడామ్మా? ఇచ్చినోడు ఇంటికొచ్చి బాగుండాదా అని అడిగితే గదా ఇచ్చేది! రాకముందే పంపిస్తే ఇంగ మా గడప తొక్కద్దు అని సెప్పినట్ల గాదా?"

నిజమే. మాధవరంలో ఒక ఇంటివాళ్ళు ఏదో మాట పట్టింపు వచ్చి చీర డబ్బును వేరేవాళ్ళ చేత పంపించేస్తే, మా మామగారు డబ్బు ముట్టిందన్న సంతోషం లేకుండా రెండు రోజులు ముద్ద మింగలేదని మా అత్తగారు చెప్పేవారు. మరి ఇంగ్లీషులో రాసి ఉంది కదా అని మా ఆయన సన్నగా అన్నారు. దాన్ని ఎవరితోనో చదివించుకున్నారట, డబ్బు పంపమని ఉందని తెలుసట. "అది బయటోళ్ళకు రాసింటాడు, మనకు గాదులే అనుకుంటిమి" అన్నాడు మేనమామ. ఊరంతా ఈయన వస్తాడు వస్తాడు అని చూశారట. రాకపోయేసరికి కొందరు మేనల్లుడు ప్రేమగా ఊరికే ఇచ్చాడనుకున్నారు, కొందరు ఆదోనిలో దుకాణం పెట్టి పెద్దవాడయ్యాడు, మన ఇళ్ళు కళ్ళకు ఆనడం లేదనుకున్నారు. మేమిక్కడ వాళ్ళు పంపలేదని తిట్టుకుంటుంటే, అక్కడ వాళ్ళు మేము రాలేదని నొచ్చుకుంటూ కూర్చున్నారు.

మా ఆయన గబగబా ఆ అంకె చెప్పబోయారు. పెళ్ళిళ్ళ పని మధ్యలో ఆగిపోయి, అట్టలు కొట్టేవాళ్ళు ఖాళీగా కూర్చుని ఉన్నా సరే, మేనమామ చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ అంకె నాకొద్దప్పా. ఇంటికొచ్చి అడుగు" అని తువాలు దులిపి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచిపోయాడు. మా ఆయన మెట్ల మీద అట్లాగే కూలబడిపోయారు. ఇక మిల్లుకే పోతానని అన్నారు. నేను గట్టిగా ఏడ్చింది ఆ రోజే. మీ వస్తువు బాగాలేదని ఎవరూ అనలేదు, రమ్మంటున్నారు, రమ్మంటే కూడా పోలేకపోతే ఆ మనుషుల మొహం ఇక జన్మలో ఎట్లా చూస్తారని అడిగాను. మర్నాడు పొద్దున స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు.

నేనూ వెంట పోయాను. ఎమ్మిగనూరులో మా మామగారు తలకు రుమాలు చుట్టుకుని మాతో బయలుదేరారు గానీ ముందే షరతు పెట్టారు: "నేను నోరిప్పను. సరుకు నీది, నువ్వే అడగల్ల." ఆ వీధి మొదట్లో అడుగు పెట్టగానే రెండు వైపుల ఇళ్ళ నుంచీ మగ్గాల చప్పుడు. ఆ చప్పుడులో మాట వినపడదు, ఆ వీధిలో మనుషులందరూ అందుకే కాస్త పెద్ద గొంతుతో మాట్లాడతారు. మేనమామ ఇంట్లో చాప పరిచారు, టీ ఇచ్చారు. మా ఆయన వానల సంగతి అడిగారు, నూలు ధర అడిగారు, అత్త కీళ్ళనొప్పులు అడిగారు. అడగాల్సింది తప్ప అన్నీ అడిగారు. టీ చల్లారిపోయింది. మా మామగారు పైకప్పు దూలాలు చూస్తున్నారు. నేను పక్క నుంచి గిల్లాను. చివరికి, మగ్గం చప్పుడులో కలిసిపోయేటంత చిన్న గొంతుతో, "మామా, ప్రోగ్రాము బాగుండాదా?" అన్నారు.

మేనమామ ఏమన్నావని రెట్టించాడు. వినపడకపోవడమేమీ కాదు, ఇంకోసారి అనిపించుకోవాలని. ఈసారి మా ఆయన కాస్త గట్టిగానే అన్నారు. అంతే, మేనమామ పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాగుండాది రా అల్లుడా, శానా బాగుండాది. ఈ మాటకు ఇన్ని దినాలు కావల్లనా!" అని, లోపలికి కేకేసి, వక్కాకు పళ్ళెంలో డబ్బు పెట్టించి తెచ్చి ఇచ్చాడు. అప్పుడు అంకె చెప్పించుకున్నాడు. తెర మీద ఆయన పువ్వులు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే పక్కన కూర్చుని, ఇక్కడ ఇట్లా ఉంటే బాగుండు, అక్కడ ఆ గీత సరిగ్గా కలవడం లేదని వేలు పెట్టి చూపించాడు. ఇన్ని నెలలూ ఆదోనిలో కూర్చుని ఎదురుచూస్తే ఈ మాటలు ఎవరు చెప్పేవారు? మా ఆయన డబ్బు సంగతి మరిచిపోయి ఆ తప్పులన్నీ ఆబగా వింటూ కూర్చున్నారు.

అన్ని ఇళ్ళూ అట్లా ఉండవు లెండి. ఒక ఇల్లాలు మాకు సరిపోలేదన్నా అని ఫ్లాపీని శుభ్రమైన గుడ్డలో చుట్టి తెచ్చి వాపసు ఇచ్చింది. కంప్యూటరులో ప్రోగ్రాము మిగిలే ఉంటుంది కదా అని నా అనుమానం. మా ఆయన మాత్రం వాళ్ళ నాయన మడత విప్పని చీరను అందుకున్నట్టు దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. ఇంకొక పెద్దాయన కౌతాళంలో ఉన్న చెల్లెలి ఇంటికి కాపీ ఇచ్చానని తనే చెప్పి, ఒక్కదానికే డబ్బిచ్చాడు. "మా ఇంట్లో ఉండేది ఒగటే గదా. కౌతాళం దాన్ని కౌతాళంలో అడుగు" అన్నాడు. ఇదెక్కడి న్యాయమని నేను లేవబోతే మా మామగారు కళ్ళతోనే కూర్చోమన్నారు. సరేనని ఇంకో రోజు కౌతాళం పోయాం. సగం తెలుగులో సగం కన్నడంలో ఎంతో మర్యాద చేసి, ఇంకా చూసుకోలేదన్నా అన్నారు వాళ్ళు. వాళ్ళ వెనకాల గోడకు మా ప్రోగ్రాములో గీసి ప్రింటు తీసిన నెమళ్ళ అంచు అంటించి ఉంది! మా ఆయన దాన్ని చూసి కూడా, సరేనమ్మా, మళ్ళీ వస్తాను అని లేచారు. బయటికి వచ్చాక నేను రుసరుసలాడుతుంటే ఆయన నవ్వుతున్నారు. అబద్ధమని తెలుసు కదా అన్నాను. తెలుసు, మళ్ళీ వస్తానని వాళ్ళకూ తెలుసు అన్నారు. మూడోసారి పోయినప్పుడు ఇచ్చారు వాళ్ళు, నెమళ్ళు బాగుండాయని కూడా చెప్పారు.

ఆ తాళం తీసేశారు. దసరాకి కొత్త పత్తి దిగింది, షావుకారు కబురు పంపితే మా ఆయన తనే పోయి రానని చెప్పి వచ్చారు. మేమేమీ మేడలు కట్టలేదు. పెళ్ళిపత్రికలు ఒక చేత్తో, ప్రోగ్రాము ఒక చేత్తో, అట్లా గడిచిపోయింది. కానీ ఏడాదికి రెండుసార్లు మేము ఆ తిరుగుడు తిరిగేవాళ్ళం. అప్పటి బస్సు ప్రయాణాలు, కిటికీలోంచి కొట్టే వేడిగాలి, ఒక్కో ఇంట్లో ఒక్కో రుచి టీ, ఇది బాగుంది అది బాగాలేదని నిర్మొహమాటంగా చెప్పే ఆ ఆడవాళ్ళు, వీధంతా ఆ మగ్గాల మోత, అందులో మా ఆయన గొంతు ఏటికేడూ పెద్దదవుతూ రావడం, నా జీవితంలో నేను మళ్ళీ కావాలని కోరుకునే రోజులంటే అవే.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. కొత్త కంప్యూటర్లలో ఆ పాత ప్రోగ్రాము నడవనని మొరాయించింది. మరమగ్గాల చీరలు వచ్చిపడ్డాయి. నేయించేవాళ్ళు ఒక్కొక్కరే మగ్గాలు విప్పేశారు. మా మామగారు పోయారు, మేనమామా పోయాడు. ఎవరూ వాడటం లేదని తెలిసి కూడా మా ఆయన చివరిసారి ఆ ఇళ్ళన్నీ తిరిగి వచ్చారు. ఆ మాట మాత్రం అడగలేదు, ఊరికే కూర్చుని మాట్లాడి వచ్చారు. ఇప్పుడు ఆ వీధిలో ఎవరూ గొంతు పెంచి మాట్లాడనక్కర్లేదు. మా అన్న వకీలు పని చాలించాడు. ఇప్పుడు ఈ షరతుల వ్యవహారంలో వాదించడానికేమీ లేదంటాడు, అందరూ చదవకుండానే ఒప్పుకున్నానని నొక్కేస్తారు, డబ్బు దానంతట అదే పోతుంది, చట్టానికి అన్నీ సరిపోయాయట. చట్టం సంగతి నాకెందుకు గానీ, ఒక వస్తువు చేసిన మనిషి మన ఇంటికి వచ్చి చాప మీద కూర్చుంటాడని ఇప్పుడెవరికైనా చెబితే నమ్ముతారా? ఆ యాప్ రాసినవాడు కూడా ఎక్కడో కూర్చుని మా ఆయనలాగే బెంగపడుతున్నాడేమో, వాడి పెళ్ళాం కూడా నాలాగే సతాయిస్తోందేమో. పాపం, వాడు వచ్చి అడిగే దారి కూడా లేదు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. పెళ్ళయిన కొత్తలో ఆయన పళ్ళెంలో వడ్డించింది తిని లేచిపోయేవారు. కడుపు నిండిందో లేదో, ఉప్పు ఎక్కువైందో తక్కువైందో, ఏళ్ళ తరబడి నాకు తెలియలేదు. మేము మొదటిసారి ఆ ఇళ్ళన్నీ తిరిగి వచ్చిన సాయంత్రం అలసటతో నేను సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరి పెట్టాను. ఆయన తినేసి, చెయ్యి కడుక్కోకుండా అట్లాగే కూర్చుని, నావైపు చూసి, "ఇంకో ముద్ద పెడతావా?" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నన్ను నోరు తెరిచి అడిగిన మొదటి మాట అది. నా కళ్ళు ఆయనకు కనపడకూడదని సంగటి తెచ్చే వంకతో లోపలికి పోయి కాసేపు పొయ్యి దగ్గరే నిలబడ్డాను. అప్పటి నుంచి రోజూ అడిగేవారు. చివరి రోజుల్లో తిండి సయించనప్పుడు కూడా, ఒక్క మెతుకు మింగలేకపోయినా, నా కోసం అడిగేవారు, నేను పెట్టేదాన్ని, అది అట్లాగే పళ్ళెంలో ఉండిపోయేది. ఇప్పుడు ఒక్కదాన్నే తింటున్నాను. తింటూ తింటూ ఒక్కోసారి చెయ్యి ఆగిపోతుంది. ఒక్కసారి, ఇంకొక్కసారి అడిగితే ఎంత బాగుండును.